లండన్ చదువు... ఫస్ట్ కాపీకి ఎంత?

హారీ పాటర్ మొదటి సినిమా (2001) చూసినవాళ్ళకి ఆ సీను గుర్తుండే ఉంటుంది. పొట్టి మాస్టారొకరు పుస్తకాల దొంతర ఎక్కి నిలబడి, ఈకల్ని గాల్లోకి లేపే మంత్రం పిల్లలకి నేర్పుతుంటాడు. ఆ క్లాసు గది సెట్టింగు కాదండోయ్! లండన్ శివార్లలో ఉన్న హారో స్కూల్లోని అసలు సిసలు పాత గది. 1572లో పుట్టిన స్కూలది. మన నెహ్రూగారు చదువుకున్నదీ అక్కడే. సినిమాలోని హాగ్వర్ట్స్ బడిలో మాత్రం ఫీజులు లేవుట, ఖర్చంతా మాంత్రికుల సర్కారు వారే భరిస్తారుట! ఆ సంగతి రచయిత్రి రౌలింగ్ 2015లో స్వయంగా సెలవిచ్చారు.

మంత్రాలు రాని మామూలు పిల్లల సంగతి అలా కాదు. ఈటన్ స్కూలునే తీసుకోండి. 1440లో ఆరో హెన్రీ రాజు డెబ్భైమంది పేదపిల్లలకి ఉచితంగా చదువు చెప్పించడానికి పెట్టించిన బడి అది. 2025 జనవరి లెక్కన అక్కడ ఒక పిల్లవాడికి ఏడాది ఫీజు 63 వేల పౌండ్ల పైమాటే. మన రూపాయల్లో 70 లక్షలు దాటిపోతుంది. పాపం, ఆ రాజుగారు చూస్తే ఏమంటారో!

ఒకప్పుడు మన సినిమావాళ్ళకి పిల్లల్ని ఊటీకో కొడైకెనాల్‌కో పంపడమంటేనే విదేశం పంపినంత గొప్ప. ఇప్పుడు అలా కాదు. షారుక్ ఖాన్ అబ్బాయి ఆర్యన్ ఇంగ్లండులోని సెవెనోక్స్‌లోనూ, అమ్మాయి సుహానా ఆర్డింగ్లీలోనూ చదివారు. ఆస్కార్ అందుకున్న ఎడ్డీ రెడ్‌మేన్ ఈటన్ విద్యార్థి, కంబర్‌బాచ్ హారో విద్యార్థి. ఇవన్నీ చదివినప్పుడు మామూలు తండ్రికి కూడా ‘మన పిల్ల ఎందుకు వెళ్ళకూడదు?’ అనిపించడం సహజం. అనిపించినాయన ఒకరు నాకు బాగా తెలుసు. పాతికేళ్ళుగా ప్రొడక్షన్ మేనేజరు. పేరెందుకులెండి. ఎన్ని సినిమాల బడ్జెట్లు ఆయన చేతుల మీదుగా నడిచాయో లెక్కలేదు. అలాంటి మనిషి ఓ సాయంత్రం కృష్ణానగర్‌లో టీ తాగుతూ ఒక రంగుల పుస్తకం నా ముందు పెట్టారు.

“చూడు బ్రదర్! ఫీజు పదిహేను వేల పౌండ్లు. పౌండు 115 వేసుకో, పదిహేడు లక్షల పాతికవేలు. ఇక్కడ ఇంటర్నేషనల్ స్కూలుకి పోసేదానికి ఇంకాస్త కలిపితే పిల్ల ఇంగ్లండులో చదువుతుంది. ఐదేళ్ళకి ఎనభయ్యారు లక్షలు. ప్లాటు అమ్మితే తొంభై వస్తాయి. సరిపోలేదూ?”

పుస్తకం తీసుకుని చూశాను. అంకె పక్కన సన్నటి అక్షరాల్లో ‘టర్ముకి’ అని ఉంది. ఇంగ్లండు స్కూళ్ళలో ఏడాదికి మూడు టర్ములు. అట్ట వెనక ఇంకా సన్నటి అక్షరాల్లో ‘వ్యాట్ అదనం’ అని ఉంది. అక్కడ ప్రైవేటు స్కూళ్ళ ఫీజుల మీద 2025 జనవరి 1 నుంచి 20 శాతం వ్యాట్ పడుతోంది. అంతకుముందు ఆ పన్ను లేదు. అంటే మూడు టర్ములకి 45 వేలు, వ్యాట్‌తో 54 వేల పౌండ్లు. రూపాయల్లో ఏడాదికి 62 లక్షల పదివేలు! ఆయన ప్లాటు ఏడాదిన్నరకి కూడా చాలదు.

ఆయన టీ గ్లాసు అలాగే పట్టుకుని ఉండిపోయారు. “సరే, మిగతా ఐటమ్స్ కూడా చెప్పెయ్” అన్నారు చివరికి. సినిమా మనిషి కదా, షాకులు అలవాటే!

ముందుగా అప్లికేషన్‌తో కట్టే రిజిస్ట్రేషన్ ఫీజు ఉంటుంది. సీటు వచ్చినా రాకపోయినా అది తిరిగి రాదు. సీటిస్తామన్నాక డిపాజిట్. విదేశీ పిల్లల దగ్గర చాలా స్కూళ్ళు ఒక టర్ము ఫీజంత తీసుకుంటాయి. తర్వాత ‘చైల్డ్ స్టూడెంట్’ వీసా. నాలుగు నుంచి పదిహేడేళ్ళ పిల్లలకి ఇచ్చేది ఇదే. దాని రుసుము 2025 ఏప్రిల్‌లో 524 పౌండ్లయింది. వీసాతోపాటే ఆరోగ్య సర్‌చార్జి ఏడాదికి 776 పౌండ్ల చొప్పున, ఉండబోయే ఏళ్ళన్నిటికీ కలిపి ముందే కట్టేయాలి. ఐదేళ్ళకే చూసుకున్నా 3,880 పౌండ్లు, సుమారు నాలుగున్నర లక్షలు. క్షయ లేదన్న పరీక్ష సర్టిఫికెట్ కూడా కావాలి. ఇవి కాక యూనిఫారాలు, చలికోట్లు, సంగీతం పాఠాలు, విహారయాత్రలు, పరీక్ష ఫీజులు ప్రతి టర్ము బిల్లు చివర తోకలా వస్తుంటాయి.

నన్నడిగితే వీటన్నిటికన్నా ముఖ్యమైన పద్దు ఒకటుంది. ఫీజు కాగితంలో దానికి చోటే లేదు. దాన్ని అడిగింది మా ప్రొడక్షన్ మేనేజరు కాదు, వదినగారు. మర్నాడు వాళ్ళింట్లో కూర్చున్నప్పుడు ఆవిడ ఒక్క మాటే అడిగారు.

“పిల్లకి జ్వరమొస్తే ఎవరు చూస్తారయ్యా?”

హాస్టల్లో మేట్రన్ ఉంటుంది, నర్సు ఉంటుంది. కానీ ప్రతి టర్ము మధ్యలో ‘హాఫ్ టర్మ్’ అని వారం, కొన్నిచోట్ల రెండు వారాలు సెలవులిస్తారు. చాలా స్కూళ్ళలో అప్పుడు హాస్టలు మూసేస్తారు. ఇంగ్లీషు పిల్లలు ఇళ్ళకి పోతారు. మన పిల్ల ఎక్కడికి పోవాలి? అందుకే తల్లిదండ్రులు విదేశంలో ఉంటే అక్కడ ఒక గార్డియన్‌ని చూపించమంటాయి స్కూళ్ళు. చుట్టాలుంటే సరే. లేకపోతే డబ్బు తీసుకుని గార్డియన్లుగా ఉండే సంస్థలున్నాయి. వాటికి ఏడాది ఫీజు వేరు. సెలవుల్లో పిల్ల ఎవరో ఒక కుటుంబం ఇంట్లో ఉంటే ఒక్కో రాత్రికి అద్దె వేరు. స్టేషన్‌కి, ఎయిర్‌పోర్టుకి కారు పంపితే అదీ వేరే.

“నేనే వెళ్ళి దగ్గర్లో ఇల్లు తీసుకుని ఉంటే?” అన్నారావిడ. అదీ కుదరదు. పిల్ల వెంట తల్లో తండ్రో ఉండడానికి ఇచ్చే వీసా ఒకటుంది గానీ, అది నాలుగు నుంచి పదకొండేళ్ళ పిల్లలకే, అదీ హాస్టల్లో కాకుండా ప్రైవేటు స్కూలుకి ఇంటి నుంచి వెళ్ళివచ్చేవాళ్ళకే. ఈ పిల్లకి పన్నెండు నిండాయి. ఆవిడ ఇంకేం మాట్లాడలేదు. ‘తారే జమీన్ పర్’ (2007)లో హాస్టల్లో దిగబెట్టి తల్లిదండ్రులు కారెక్కే సీను ఆవిడకి గుర్తొచ్చిందేమో, నాకు మాత్రం గుర్తొచ్చింది.

పెద్ద సెలవులు ఏడాదికి మూడుసార్లు, క్రిస్మస్‌కీ ఈస్టర్‌కీ వేసవికీ. అంటే మూడు రానూపోనూ టిక్కెట్లు. హైదరాబాదు నుంచి హీత్రూకి నేరుగా విమానముంది, అది నయం. కానీ క్రిస్మస్‌కి అందరూ ఒకేసారి బయల్దేరతారు కనక టిక్కెట్టు ధర సంక్రాంతి బస్సు టిక్కెట్టులా ఉంటుంది!

ఇక మన వైపు లెక్కలు. ఒక మనిషి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా విదేశానికి పంపవచ్చని రిజర్వు బ్యాంకు రూలు. కాబట్టి అనుమతికి ఇబ్బంది లేదు. పంపేటప్పుడు బ్యాంకు టీసీఎస్ పట్టుకుంటుంది. 2025 ఏప్రిల్ నుంచి చదువుకి సొంత డబ్బు ఏడాదికి 10 లక్షలు దాటి పంపితే, దాటిన మొత్తం మీద 5 శాతం. 2026 బడ్జెట్ దీన్ని 2 శాతానికి దించే ప్రతిపాదన తెచ్చింది. రిటర్ను వేసినప్పుడు ఇది సర్దుబాటవుతుంది గానీ, అప్పటిదాకా డబ్బు మన చేతిలో ఉండదు. ఇంకో సంగతి. ట్యూషన్ ఫీజు మీద పన్ను మినహాయింపు మన దేశంలోని విద్యాసంస్థలకే. చదువు అప్పు వడ్డీ మినహాయింపు పన్నెండో క్లాసు తర్వాతి చదువులకే. ఎనిమిదో క్లాసు పిల్లకి రెండూ వర్తించవు.

‘స్కాలర్‌షిప్ రాదా?’ అంటారు చాలామంది. ఈ స్కూళ్ళలో స్కాలర్‌షిప్ అంటే చాలాచోట్ల పరువెక్కువ, పైసలు తక్కువ. ఆదాయం చూసి ఇచ్చే పెద్ద సహాయాన్ని బర్సరీ అంటారు. అది ఎక్కువగా అక్కడి పిల్లలకే దక్కుతుంది. సర్కారు వారి బోర్డింగు స్కూళ్ళూ ఉన్నాయి, చదువు ఉచితం, హాస్టలు ఖర్చే కట్టాలి. కానీ అవి ఆ దేశంలో ఉండే హక్కున్న పిల్లలకే. ఈ వీసా మీద వెళ్ళే పిల్లకి తలుపు తెరవరు.

చివరిగా పౌండు. 2010లో అది సుమారు 70 రూపాయలు. 2025 చివరికి 115 దాటింది. ఏడాదికి ఫీజు 5 శాతం, పౌండు 3 శాతం పెరుగుతాయనుకుని మా ఆయన ముందే లెక్కవేశాను. ఇప్పటి ధరలో మూడు కోట్ల పది లక్షలయ్యే ఐదేళ్ళ ఫీజు మూడు కోట్ల అరవై అయిదు లక్షలకి తేలింది. విమానాలు, గార్డియన్ కలపకుండానే!

ఆ కాగితం చూసి ఆయనన్న మాట నేను మర్చిపోలేను. “మొదలుపెట్టడానికి డబ్బుంది బ్రదర్. నాలుగు షెడ్యూళ్ళయ్యాక ఆగిపోయిన సినిమాలు ఎన్ని చూడలేదు! రీళ్ళు ల్యాబులో మూలుగుతుంటాయి, వడ్డీ మాత్రం పరిగెడుతుంటుంది.”

అచ్చంగా అంతే. పిల్లని మానిపించాలంటే ఒక టర్ము ముందే నోటీసివ్వాలి, లేకపోతే టర్ము ఫీజు కట్టాలి. అది పోతే పోయింది. పద్నాలుగేళ్ళకి మొదలయ్యే జీసీఎస్‌ఈ రెండేళ్ళ కోర్సు. మధ్యలో ఇంటికొస్తే చేతిలో ఏ సర్టిఫికెట్టూ ఉండదు. ఇక్కడ సీబీఎస్‌ఈ వాళ్ళు తొమ్మిదిలోనే పేర్లు రిజిస్టరు చేస్తారు కనక పదిలో నేరుగా చేరడం సులువు కాదు. ఐజీసీఎస్‌ఈ చెప్పే స్కూళ్ళు మన ఊళ్ళో ఉన్నాయి గానీ, డబ్బు లేక తిరిగొచ్చినవాళ్ళకి ఆ ఫీజులూ భారమే. అంచేత నేను ఆయనకి చెప్పిందిది: మొదటి ఏడాది ఫీజు ఉందా అని కాదు, ఆఖరి ఏడాది ఫీజు ఇవాళే ఉందా అని చూసుకోండి.

వేరే దారులు లేవా అంటే ఉన్నాయి. పది ఇక్కడే పూర్తిచేసి, పదహారేళ్ళకి రెండేళ్ళ సిక్స్‌త్ ఫామ్‌లో, అంటే వాళ్ళ ఇంటర్‌లో చేరవచ్చు. ఇవాళ్టి ధరలో ఫీజు కోటీ పాతిక లక్షల లోపు. అదీ ప్లాటుకి మించిందే, కానీ కూడబెట్టడానికి మూడేళ్ళ టైముంటుంది, చేతిలో పది సర్టిఫికెట్టుంటుంది. హారో పేరే కావాలనుకుంటే 2023లో బెంగళూరులో హారో ఇంటర్నేషనల్, పూణేలో వెలింగ్టన్ వెలిశాయి. అవీ చౌక కాదు. కానీ జ్వరమొస్తే రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి బెంగళూరులో దిగవచ్చు.

డిపాజిట్ కట్టే గడువు దగ్గర పడటంతో, అది ఎప్పుడు తిరిగిస్తారో కనుక్కోమని ఆయన నాచేత స్కూలుకి ఈమెయిల్ రాయించారు. రెండు రోజుల్లో మర్యాదగా జవాబొచ్చింది. పిల్ల చదువు ముగించాక ఆఖరి బిల్లులో సర్దుబాటు చేస్తారుట. వడ్డీ ఉండదుట. ఆయన డిపాజిట్ కట్టలేదు. ప్లాటు దగ్గర పెట్టిన ‘అమ్మబడును’ బోర్డు తీయించేశారు. సిక్స్‌త్ ఫామ్ అంటే ఏమిటో, దరఖాస్తు ఎప్పుడు పెట్టాలో వివరంగా తెలుగులో రాసిమ్మని వదినగారు అడిగారు. రాసిచ్చాను.