స్కానింగ్‌లో ఏమీ రాకపోతే చేతబడేనా?

కువైట్‌లో మిర్కాబ్ బస్టాండు దగ్గర ఒక రూములో, జబ్బుపడ్డ ఒకతని దిండు కింద మాత్రల స్ట్రిప్పు దొరికింది. పది మాత్రల్లో రెండే వేసుకున్నాడు. ఎందుకని అడిగితే పక్క మంచం అబ్బాయి చెప్పాడు: "స్కానింగ్‌లో ఏం రాలేదంట అన్నా. రోగముంటే కనపడాల కదా? ఊళ్లో ఎవరో చేయించినారు. తాయెత్తు వచ్చేదాకా మాత్రలొద్దన్నారు వాళ్లమ్మావాళ్లు." ఆ తాయెత్తు కోసం చూస్తూ మూడు వారాలు గడిచాయి. కుబూస్ రొట్టెలో విషం కలిపారని తిండి మానేసిన మనిషి కళ్లెదుటే చిక్కిపోతున్నాడు.

శుక్రవారం మనవాళ్లు నలుగురు చేరిన చోటల్లా ఈ మాట వింటున్నాను. ఇది తప్పు, ప్రాణం మీదికి తెచ్చే తప్పు.

అతనిది స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు. దాన్ని స్కానింగో రక్తపరీక్షో పట్టి ఇవ్వదు. మెదడులో గడ్డ లేదని, థైరాయిడ్ తేడా కాదని రూఢి చేసుకోవడానికే అవి తీస్తారు. 'ఏమీ రాలేదు' అంటే ఆ కారణాలు కావని అర్థం, జబ్బు లేదని కాదు. పార్శ్వపు నొప్పి కూడా స్కాన్‌లో కనపడదు, నొప్పి మాత్రం నిజం. లేని గొంతులు వినపడటం, ఎవరెంత చెప్పినా సడలని అనుమానం, పొంతన లేని మాటలు, మనిషి ముడుచుకుపోవడం: వీటిలో ఏవేవి, ఎన్నాళ్లుగా ఉన్నాయన్నదే డాక్టరుకు ఆధారం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో అవి కనీసం నెల రోజులు ఉండాలి.

మరి మెదడులో జరిగేదేమిటి? 'ఇది ముఖ్యం, గమనించు' అని మెదడుకు చెప్పే రసాయనం డోపమైన్. అది అదుపు తప్పితే బస్టాండులో ఎవరో నవ్విన నవ్వూ, బస్సు మీది నంబరూ తన గురించే అనిపిస్తాయి. మనసులో మెదిలే సొంత మాటను మెదడు తనదిగా గుర్తించలేకపోవడం వల్లే గొంతులు వినిపిస్తాయని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. అరబ్బు దేశంలో ఉన్నా ఆ గొంతు తెలుగులో తిట్టడానికి కారణం అదే. ఊరి నుంచి ఎవరూ దేన్నీ పంపలేదు. 1952లో పారిస్‌లో క్లోర్‌ప్రోమజీన్ వాడిన రోగుల్లో ఈ లక్షణాలు తగ్గాయి. అది డోపమైన్‌ను అడ్డుకుంటుందని తర్వాత తేలింది.

తాయెత్తు కడితే పోయేదేముంది అంటారు. కట్టుకోనివ్వండి, మాత్ర ఆపకండి. వైద్యం ఆలస్యమైనకొద్దీ కోలుకోవడం కష్టమవుతుంది. తమిళనాడులోని ఎర్వాడిలో నయమవుతుందని గొలుసులతో కట్టి ఉంచిన 28 మంది 2001 ఆగస్టు 6న మంటల్లో కాలిపోయారు. అది మరిచిపోయే సంగతి కాదు.

మిగతా అపోహలకు ఒక్కో ముక్క చాలు. ఒకే ఒంట్లో ఇద్దరు మనుషులుండటం ఈ జబ్బు కాదు. పెళ్లి చేస్తే నయం కాదు, ఇంకో అమ్మాయి బతుకు చిక్కులో పడుతుంది. ఈ జబ్బున్నవాళ్లలో ఎక్కువమంది ఎవరినీ కొట్టరు, దెబ్బలు తినేది వీళ్లే.

'కువైట్ పోతే పిచ్చి పడుతుంది' అనే మాటను మాత్రం పూర్తిగా కొట్టిపారేయలేను. అమెరికాలోని మిన్నెసోటాకు వలసపోయిన నార్వేవాళ్లలో ఈ జబ్బు స్వదేశంలోకంటే ఎక్కువని 1932లోనే ఓడెగార్డ్ అనే వైద్యుడు చూపించాడు. తర్వాతి పరిశోధనలూ వలసకు, ఈ జబ్బుకు సంబంధం ఉందనే అన్నాయి. కానీ వలస ఒక్కటే కారణం కాదు. ఒకే పోలికల కవలల్లో ఒకరికి వచ్చినా, సగం లేదా అంతకంటే ఎక్కువ జంటల్లో రెండోవారికి రాదు. అంటే వంశపారంపర్యమూ ఒక్కటే కారణం కాదు.

ఇక్కడ తల్లి లేదు, భార్య లేదు. డాక్టరుకు చెప్పగలిగింది రూములో ఉన్న మీరే. 'పిచ్చిగా మాట్లాడుతున్నాడు' అంటే చాలదు. నిద్ర ఎప్పుడు తగ్గింది, తిండి ఎందుకు మానాడు, ఏమేం అన్నాడు, తేదీలతో కాగితం మీద రాయండి. ఆ కాగితం పట్టుకుని, అరబ్బీయో ఇంగ్లీషో వచ్చినవాణ్ని వెంటబెట్టుకుని, సబా ఆస్పత్రుల వైపు ఉన్న ప్రభుత్వ మానసిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లండి. ఊళ్లో ఇంటివాళ్లకు 14416 నంబరు ఇవ్వండి, మానసిక సమస్యల మీద సలహా ఉచితంగా చెబుతారు. ఆ దిండు కింద ఇంకా ఎనిమిది మాత్రలున్నాయి. ఈ రాత్రికి వేయాల్సింది గుర్తుచేసి, అతను మింగేదాకా పక్కన కూర్చోండి.