గ్రాండ్ టెస్టులో వచ్చిన మార్కు నీట్‌లో వస్తుందా?

ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో బైపీసీ చదివే విద్యార్థి నీట్ రాసేది ఒక్కరోజే అయినా, దాని నమూనాను రెండేళ్లపాటు వారం వారం రాస్తూనే ఉంటాడు. వీకెండ్ టెస్టు, క్యుములేటివ్ టెస్టు, ఇంటర్ పరీక్షలు ముగిశాక వరసగా గ్రాండ్ టెస్టులు. ప్రతిదానికీ ఓఎంఆర్ షీటు ఉంటుంది, ర్యాంకు వస్తుంది, ఇంటికి మెసేజ్ వెళుతుంది. సత్తెనపల్లి పక్కనో పర్చూరు పక్కనో పత్తి, మిర్చి వేసే కుటుంబం ఆ అంకెను చూసుకునే, మరో ఏడాది కోచింగ్ అయిన లాంగ్ టర్మ్‌కు డబ్బు సర్దుకోవాలా, ప్రైవేటు కాలేజీ సీటుకు పొలం తాకట్టు పెట్టాలా, లేక బాపట్ల వ్యవసాయ కళాశాల వైపు చూడాలా అన్నది ఆలోచిస్తుంది. ఇంత భారం మోసే అంకె ఎంతవరకు నమ్మదగిందో తేల్చుకోవడం అవసరం.

నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. సగం ప్రశ్నలు జీవశాస్త్రానివి, మిగతా సగం ఫిజిక్స్, కెమిస్ట్రీలవి. సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. అంటే ఒక ప్రశ్న ఒప్పు నుంచి తప్పుకు మారితే పోయేది 5 మార్కులు. గ్రాండ్ టెస్టుకూ నీట్‌కూ మధ్య కనిపించే తేడాలో పెద్ద భాగానికి మూలం ఈ 5 మార్కులే.

రెండేళ్ల సిలబస్‌లో అడగదగిన ప్రశ్నలు వేలల్లో ఉంటే, పరీక్షలో కనిపించేవి 180. గుంటూరు మిర్చి యార్డులో కొనుగోలుదారు టిక్కీ (బస్తా)లోంచి గుప్పెడు కాయలు తీసి లాట్ మొత్తానికి ధర కట్టినట్టు, ఆ 180తో విద్యార్థి చదువు మొత్తానికి విలువ కడుతున్నారు. గుప్పెడు మారితే అంచనా కొద్దిగా మారుతుంది. చదువులో ఏ మార్పూ లేకపోయినా మార్కు కదలడానికి ఇది మొదటి కారణం.

ఎంత కదులుతుందో లెక్క వేసి చూడవచ్చు. ఒక విద్యార్థికి 128 ప్రశ్నలు కచ్చితంగా వచ్చు. 12 తప్పుగా పెడతాడు. మిగిలిన 40 ప్రశ్నల్లో నాలుగు ఆప్షన్లలో రెండింటిని తీసేయగలడు గానీ మిగతా రెండింట్లో ఏది సరైనదో తేల్చుకోలేడు. ఆ నలభైలో సగటున 20 ఒప్పవుతాయి. మొత్తం 148 ఒప్పు, 32 తప్పు, 560 మార్కులు. కానీ ఆ నలభైలో ఒకరోజు 24 తగలవచ్చు, ఇంకోరోజు 17 తగలవచ్చు. గణాంక సూత్రం ప్రకారం ఈ ఒక్క కారణంతోనే మార్కు 16 అటూ ఇటూ ఊగుతుంది. మూడింట రెండుసార్లు 544కూ 576కూ మధ్య వస్తుంది. మిగతా సార్లు ఆ హద్దులు కూడా దాటుతుంది. ఆ రోజు నిద్ర, ఆరోగ్యం, బబ్లింగ్ పొరపాట్లు ఇంకా ఈ లెక్కలోకి రాలేదు. 560 తెచ్చుకున్న పిల్లవాడు తర్వాతి టెస్టులో 540కి దిగితే శ్రద్ధ తగ్గిందని తిట్టడం అన్యాయం. 580కి ఎక్కితే ఎగిరి గంతేయడానికీ ఆధారం లేదు.

ఇదే లెక్క ఇంకో విషయం చెబుతుంది. ఆ విద్యార్థి పది గ్రాండ్ టెస్టులు రాస్తే, వాటిలో అత్యధిక మార్కు అతని అసలు స్థాయి కంటే సగటున 24 మార్కులు పైన, అంటే 585 దగ్గర ఉంటుంది. ఇంట్లో గుర్తుండేది, బంధువులకు చెప్పుకునేది ఆ 585నే. నీట్‌లో 555 వస్తే 30 మార్కులు పోయాయని అందరూ కుమిలిపోతారు. నిజానికి పోయిందేమీ లేదు. అందుకే అంచనాకు అత్యధిక మార్కు పనికిరాదు. చివరి నాలుగైదు టెస్టుల సగటు పనికొస్తుంది. ఆ సగటు కూడా ప్రాక్టీసులోని ఊగిసలాటనే తగ్గించగలదు. నీట్ మాత్రం ఏడాదికి ఒక్కసారే కాబట్టి దానిలోని ఊగిసలాట పూర్తిగా మిగిలే ఉంటుంది.

ఒక్క ప్రశ్న ఎంత మార్చగలదో 2024లో దేశమంతా చూసింది. ఫిజిక్స్‌లో పరమాణువుల గురించిన ఒక ప్రశ్నలో, పాత ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం ప్రకారం ఒక ఆప్షన్, కొత్త పుస్తకం ప్రకారం మరో ఆప్షన్ సరైనవిగా కనిపించాయి. నీట్ నిర్వహించే ఎన్టీఏ మొదట రెండింటికీ మార్కులిచ్చింది. సుప్రీంకోర్టు ఐఐటీ ఢిల్లీ నిపుణుల అభిప్రాయం తీసుకుని ఒక్కటే సరైనదని తేల్చడంతో 4 లక్షల పైచిలుకు విద్యార్థులకు 5 మార్కుల చొప్పున పోయాయి. మొదటి ఫలితాల్లో 720కి 720 వచ్చినవారు 67 మంది. కొందరికి ఇచ్చిన గ్రేస్ మార్కుల రద్దు, ఈ సవరణ అయ్యాక మిగిలింది 17 మంది.

విద్యార్థి చేతిలో అసలే లేనిది పేపర్ కాఠిన్యం. 2024లో 650 దాటినవారు దాదాపు 30 వేల మంది. 2025 మే 4న జరిగిన పరీక్షలో ఫిజిక్స్ ఉక్కిరిబిక్కిరి చేసింది. దేశంలో అత్యధిక మార్కు 686, 650 దాటినవారు 73 మంది. 2024 పేపర్ల తీరులో తయారైన గ్రాండ్ టెస్టుల్లో వచ్చిన 640ని నమ్ముకున్న విద్యార్థికి 2025లో 540 వచ్చి ఉంటే, అతను వెనకబడ్డాడని ఆ అంకె చెప్పదు. అందరి మార్కులూ కిందికి జారినప్పుడు చూడాల్సింది ర్యాంకు.

ఈ ప్రాంతపు పరీక్షల అలవాట్లకు ఒక చరిత్ర ఉంది. 1986లో మొదలైన రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఎంసెట్‌లో మెడిసిన్‌కు 160 ప్రశ్నలుండేవి, తప్పుకు కోత లేదు, తర్వాతి కాలంలో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ కూడా ఉండేది. తెలుగు అకాడమీ పుస్తకాలు ఔపోసన పట్టి, తెలియనివాటికి కూడా ఏదో ఒకటి బబ్లింగ్ చేసి రావడం అప్పట్లో సరైన పద్ధతే. 2017 నుంచి రాష్ట్రంలో మెడికల్ సీట్లు నీట్‌తోనే భర్తీ అవుతున్నాయి. ఆధారం ఎన్‌సీఈఆర్‌టీ అయింది, మైనస్ మార్కులు వచ్చాయి. 2024 నుంచి సిలబస్‌లో కొన్ని అంశాలు తొలగించారు. 2021 నుంచి 2024 దాకా 200 ప్రశ్నల్లో 180 ఎంచుకునే వెసులుబాటుండేది; 2025లో అది పోయి, మళ్లీ 180 ప్రశ్నలకు 180 నిమిషాలయ్యాయి. పాత మెటీరియల్‌తో పెట్టే టెస్టు ఈ మార్పులను అందుకోకపోతే, అది జరగని పరీక్షకు అంచనా కడుతున్నట్టే.

మంచి నమూనా పరీక్షకు అసలు పరీక్షే ముడిసరుకు కావాలి. అమెరికాలో మెడికల్ ప్రవేశ పరీక్ష ఎంక్యాట్‌ను నిర్వహించే సంఘమే అధికారిక ప్రాక్టీసు పరీక్షలు అందిస్తుంది. అక్కడి స్కోరు నివేదికలో అంకెతో పాటు 2 పాయింట్లు అటూ ఇటూ హద్దు కూడా ముద్రిస్తారు. మన గ్రాండ్ టెస్టు మెసేజ్‌లోనూ ఆ హద్దు ఉంటే తల్లిదండ్రులకు ఎంతో మేలు. ఇక్కడ ఆ స్థాయి నమూనాకు దగ్గరగా ఉన్నవి నీట్ పాత పేపర్లు. చిక్కల్లా అవి మెటీరియల్‌లో ముందే కలిసిపోయి ఉండటం. ప్రశ్న చూడగానే జవాబు గుర్తొస్తే ఆ మార్కు జ్ఞాపకానికి వచ్చింది. ఒక్క పాత పేపరైనా ముట్టుకోకుండా ఏప్రిల్ దాకా దాచి, మధ్యాహ్నం 2 నుంచి 5 దాకా, పరిచయం లేని గదిలో, గుంటూరు ఎండలో రాయిస్తే దాని మాటకు విలువ ఎక్కువ.

టెస్టు ర్యాంకులు ఎవరి మధ్య అన్నది కూడా చూడాలి. క్యాంపస్ మొత్తంలో మొదటి సెక్షన్‌నూ చివరి సెక్షన్‌నూ గ్రాండ్ టెస్టు చక్కగా వేరు చేస్తుంది. నీట్‌లోనూ దాదాపు అదే వరస వస్తుంది. ఏరి కూర్చిన స్పెషల్ బ్యాచ్‌లో మాత్రం అందరి స్థాయీ దగ్గర దగ్గరగా ఉంటుంది, కాబట్టి అక్కడ 5వ ర్యాంకూ 25వ ర్యాంకూ తారుమారు కావడానికి మూడు నాలుగు ప్రశ్నలు చాలు. ఆ బ్యాచ్‌లో ప్రతివారం ర్యాంకుల జాబితా గోడకు అంటించడం పిల్లల మీద పెట్టే హింసే తప్ప, దానివల్ల తెలిసేది చాలా తక్కువ.

మార్కు నుంచి సీటుకు ఇంకా దూరముంది. ప్రభుత్వ కాలేజీల్లో 15 శాతం సీట్లు అఖిల భారత కోటాకు పోతాయి. రాష్ట్ర కోటాలో గుంటూరు, ప్రకాశం విద్యార్థులు ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతపు స్థానికులు. నెల్లూరు, రాయలసీమ వారు శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీ ప్రాంతం. రిజర్వేషన్ వర్గం కూడా కలిపి చూస్తేనే గుంటూరు మెడికల్ కాలేజీయా, ఒంగోలు రిమ్సా, ఏదీ కాదా అన్నది తేలుతుంది. గత ఏడాది ఆ ప్రాంతంలో, ఆ వర్గంలో చివరి సీటు ఏ ర్యాంకు దగ్గర ఆగిందో చూడటం పనికొచ్చే పోలిక. గత ఏడాది మార్కుతో పోల్చుకుంటే మోసపోవడమే.

గ్రాండ్ టెస్టుల అసలు ఉపయోగం ఫలితాలు వచ్చాక, లాంగ్ టర్మ్ ఆలోచన దగ్గర తెలుస్తుంది. విద్యార్థి తోటివారితో పోలిస్తే తన టెస్టుల సగటు చూపించిన స్థానంలోనే నీట్‌లోనూ ఉంటే, అది అతని ప్రస్తుత స్థాయి. అవే టెస్టులు మరో ఏడాది రాసినంత మాత్రాన అది మారదు. ఏ అధ్యాయంలో, ఏ రకం ప్రశ్నలో రెండు ఆప్షన్ల దగ్గర ఆగిపోతున్నాడో పట్టుకుని చదివితేనే ఆ 40 ప్రశ్నలు 20కి తగ్గుతాయి. తోటివారితో పోలిస్తే బాగా దిగువకు పడిపోతే అప్పుడు ఓఎంఆర్ కాపీ, కీ పక్కపక్కన పెట్టి చూడాలి. ఫిజిక్స్ చివరి ప్రశ్నలు ఖాళీగా ఉంటే లోపం సమయానిది. వచ్చిన ప్రశ్నలే తప్పయితే కంగారుది. మూడు సబ్జెక్టుల్లోనూ సమానంగా తగ్గితే, రాసిన టెస్టు సిరీసే నీట్‌కు దూరంగా ఉందేమో పరిశీలించి, రెండో ఏడాది ఫీజు కట్టేముందే వేరే దారి వెతకాలి.