ఎదకు రాని గేదెకు ఏ సూది?

ఈని నాలుగు నెలలైనను ఎదకు రాని గేదె మీ కొట్టములో నున్నచో, దానికి వేయుచున్న గడ్డి, తవుడు ఎంత నష్టములో పడుచున్నవో ఒకసారి లెక్క చూచుకొనుడు. చూడి మోయుటకే 10 నెలలు పైబడును. ఒక ఎద తప్పినచో మరల 21 దినములు ఆగవలసినదే.

అందుచేతనే పాలకొల్లు చుట్టుపట్ల గ్రామములలో పశువైద్యుడు కనబడగానే “ఎద సూది వేయండి” అని అడుగుచుందురు. అయితే ఎద సూది యనునది ఒక్కటి కాదు. పొరుగువారి గేదెకు పనిచేసినది మీ గేదెకు పనిచేయకపోవచ్చును; కీడును చేయవచ్చును.

గేదె అండాశయములో నీటిబుడగ వంటి కోశము పెరిగి, పగిలి, అండము విడుదల యగును. పగిలిన చోట ఒక పచ్చని కండ ఏర్పడును. అది ఉన్నంతకాలము గేదె ఎదకు రాదు. చూడి కట్టనిచో గర్భసంచి నుండి ప్రోస్టాగ్లాండిన్ అను హార్మోను వచ్చి ఆ కండను కరిగించును. అప్పుడు మరల ఎద వచ్చును.

సామాన్యముగా ఎద సూది అని వాడునది ఈ ప్రోస్టాగ్లాండినే. ముదిరిన పచ్చకండ ఉన్న గేదెకు ఇది చక్కగా పనిచేయును. 2 నుండి 4 దినములలో ఎద కనబడును. కండ లేని గేదెకు వేసినచో మందు దండుగ. చూడి గేదెకు వేసినచో ఈసుకుపోవును. మంద కాలువలో పడియుండగా దున్న దాటిన సంగతి యజమానికి తెలియకపోవుట మన డెల్టాలో కొత్త కాదు. కావున చూడి పరీక్ష కానిదే ఈ సూది వేయింపకుడు. గర్భిణీ స్త్రీలు, ఉబ్బసము గలవారు ఈ మందును తాకరాదు. చర్మము గుండ కూడ లోనికి పోవును.

రెండవది ఓవ్‌సింక్ పద్ధతి. దీనిని అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమునకు చెందిన పర్స్‌లీ, విల్ట్‌బాంక్ మొదలగువారు పాడి ఆవుల కొరకు 1995లో ప్రకటించిరి. ముందు జి.ఎన్.ఆర్.హెచ్. సూది; 7 దినములకు ప్రోస్టాగ్లాండిన్; మరి 48 గంటలకు తిరిగి జి.ఎన్.ఆర్.హెచ్.; ఆ పిమ్మట 16 నుండి 20 గంటలకు కృత్రిమ గర్భధారణ. ఎద కొరకు కాచుకొననక్కరలేదు. అండాశయము పనిచేయుచున్నను అరవక, తీగలు వేయక, మూగ ఎదతో గడచిపోవు గేదెలకు ఇదియే తగినదని నా అభిప్రాయము. గంటలు తప్పినచో మాత్రము పెట్టిన ఖర్చంతయు పోవును. ఒక ఊరిలో అయిదారు గేదెలకు ఒకే దినమున మొదలుపెట్టునట్లు గ్రామాధికారులు ఏర్పాటు చేసినచో, సూది వేయువారికిని సులువు, వేళయు తప్పదు.

వేసవిలో అండాశయము నిద్రపోయినట్లుండు గేదెలకు ఓవ్‌సింక్ తరచు విఫలమగును. వానికి మూడవ పద్ధతి. ప్రొజెస్టిరోన్ హార్మోను నింపిన సిడార్ అను సాధనమును యోనిలో 7 నుండి 9 దినములు ఉంచి తీయుదురు. అది పచ్చకండ చేయు పనిని తాను చేయును. తీసివేయగానే అండాశయము మేలుకొనును. దానితోపాటు చూడి గుర్రపు రక్తము నుండి తీసిన హార్మోనును కూడ కొందరు వైద్యులు ఇత్తురు. ఖర్చు ఎక్కువ. అయినను ఇట్టి గేదెకు చవక సూదులు మూడు మారులు వేయించుట కంటె ఇదియే మేలు.

మీ గేదె వీనిలో ఏ తరగతిదో బయటి నుండి చూచి చెప్పలేము. వైద్యుడు చేయి పెట్టి అండాశయమును తడవవలెను. ఈనిన 90 దినములకు ఎద కనబడనిచో ఆ పరీక్ష చేయింపుడు.

ఇక డొక్కలెండి, ఎముకలు కనబడు గేదెకు ఏ పద్ధతియు వద్దు. ఏడాది పొడుగున ఉత్త వరిగడ్డితో గడపు గేదెకు మాంసకృత్తులు, భాస్వరము చాలవు. సార్వా చేలలో పిల్లిపెసర చల్లుకొన్నవారికి పచ్చిమేతకు లోటుండదు. పచ్చిమేతతో రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమము రెండు నెలలు పెట్టి చూడుడు. ఈ మేతతోనే, సూది లేకయే, ఎదకు వచ్చు గేదెలును కలవు.

కృత్రిమ గర్భధారణ చేయించిన తేదీని కొట్టము గోడమీదనైనను వ్రాసి యుంచుడు. 19వ దినము నుండి 23వ దినము వరకు తెల్లవారుజామునను, రాత్రియు గేదెను గమనింపుడు. మరల ఎద కనబడనిచో, 60 దినములు నిండిన పిదప చూడి పరీక్షకు తోలుకొని పోవలెను.