తెనాలి నడిబొడ్డున రణరంగ చౌక్

బాపట్ల నుంచి రేపల్లెకు రైల్లో వెళ్లాలంటే తెనాలిలో బండి మారాలి. రేపల్లె ప్యాసింజరుకు టైముంటే నేను ప్లాట్‌ఫాం మీద కూర్చోను. రణరంగ చౌక్‌కు వెళ్లొస్తాను.

అక్కడ ఏడు స్తూపాలున్నాయి. 1942 ఆగస్టు 8న బొంబాయిలో క్విట్ ఇండియా తీర్మానం చేశారు. తెల్లారేసరికి గాంధీ, నెహ్రూతో సహా నాయకులంతా అరెస్టయ్యారు. 12న తెనాలి జనం వీధుల్లోకొచ్చారు, రైల్వేస్టేషన్‌ను తగలబెట్టారు. పోలీసులు కాల్చారు. మాజేటి సుబ్బారావు, శ్రీగిరి లింగం, తమ్మినేని సుబ్బారెడ్డి, గాలి రామకోటయ్య, ప్రయాగ రాఘవయ్య, జాస్తి అప్పయ్య, భాస్కరుని లక్ష్మీనారాయణ నేలకొరిగారు. ఆ ఇంటిపేర్లు చూడండి, మన వీధుల్లో రోజూ వినిపించేవే! నాకు గుండె పట్టేసేది అక్కడే.

నాటకాలు, కళలు చూసి తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అంటాం. అసలు ప్యారిస్‌లో బాస్టిల్ కూడలి మధ్య ఎత్తయిన కంచు స్తంభం ఉంది. అది 1789 విప్లవానికి గుర్తని చాలామంది అనుకుంటారు. నిజానికి 1830 జూలైలో మూడు రోజుల పోరాటంలో చనిపోయినవాళ్ల కోసం కట్టారు. వాళ్ల పేర్లు దానిమీద బంగారు అక్షరాల్లో ఉన్నాయి. రెండు ఊళ్లకూ ఉన్న అసలు చుట్టరికం ఇదేనని నేను నమ్ముతాను.

మొన్న వెళ్లినప్పుడు ఒక స్తూపం పాదం దగ్గర బంతిపూల దండ ఎండి, రేకులు దుమ్ములో కలిసిపోతున్నాయి. చుట్టూ ఆటోల హారన్లు. తలెత్తి చూసేవాళ్లు తక్కువ.

తెనాలిలో కాస్త తీరిక దొరికితే పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లండి. ఆ ఏడు పేర్లూ చెప్పండి.