గుండెల్లో మంటని 'గ్యాస్' అని సరిపెట్టుకుంటున్నారా?

రాత్రి పదిన్నర. అందరి భోజనాలూ అయ్యాయి. వంటిల్లు సర్దేసి, పాలు తోడుపెట్టి, అప్పుడే నడుం వాల్చారు. కన్ను మూతపడుతుందో లేదో, ఛాతీ మధ్యలోంచి గొంతు దాకా మంట ఎగదన్నుతుంది. ఒక పుల్లటి తేన్పు, దాంతోపాటే నోట్లోకి చేదునీళ్ళు. లేచి కూర్చుని గ్లాసుడు మంచినీళ్ళు తాగి, 'ఆ, గ్యాసేలే' అనుకుని మళ్ళీ పడుకుంటారు.

మన ఇళ్ళల్లో పొట్టకి ఏం వచ్చినా గ్యాసే. ఉబ్బరమైనా గ్యాసే, వీపు పట్టేసినా గ్యాసే, గుండెల్లో మంటైనా గ్యాసే! నిజానికి ఈ మంటకి గాలితో పెద్దగా పనిలేదు. కడుపులో ఉండవలసిన ఆమ్లం అక్కడుండక పైకి తన్నుకు రావడం వల్ల వచ్చే బాధ ఇది. డాక్టర్లు యాసిడ్ రిఫ్లక్స్ అంటారు.

మనం మింగిన ముద్ద గొంతులోంచి కడుపులోకి దిగే గొట్టం పేరు అన్నవాహిక. పెద్దవాళ్ళలో సుమారు 25 సెంటీమీటర్లుంటుంది. అది జీర్ణాశయాన్ని కలిసేచోట ఒక కండరం, సంచి మూతికి తాడు బిగించినట్టు, చుట్టూ పట్టుకుని ఉంటుంది. ముద్ద రాగానే వదులవుతుంది, దిగగానే బిగుసుకుంటుంది. ఈ కాపలా సరిగా లేకపోతే కడుపులోని ఆమ్లం వెనక్కి ఎక్కుతుంది. జీర్ణాశయానికి ఆమ్లాన్ని తట్టుకునే జిగురుపొర ఉంది గానీ అన్నవాహికకి అంత రక్షణ లేదు. చింతపండు పులుసు జాడీలో ఎన్నాళ్ళున్నా జాడీకి ఏమీ కాదు. కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో ఒక్క పూట ఉంచితే చిలుమెక్కుతుంది కదూ? ఇదీ అంతే.

అంటే చాలామంది అనుకున్నట్టు ఒంట్లో యాసిడ్ ఎక్కువైపోవడం కాదండీ. ఈ బాధ ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి ఆమ్లం మామూలుగానే ఊరుతుంది. మూతి వదులు కావడమే అసలు చిక్కు. కడుపు బిర్రుగా నిండినా, నూనె వంటకాలు ఎక్కువసేపు అరగకుండా ఉన్నా, పొట్ట చుట్టూ కొవ్వు పెరిగినా, పొగతాగడం వల్లా అది వదులవుతుంది. కొందరికి జీర్ణాశయం పైభాగం ఛాతీలోకి కొద్దిగా జారి ఉండటమూ కారణమే.

ఇప్పుడు మీ దినచర్య ఒకసారి తలచుకోండి. పొద్దున్నే ఖాళీ కడుపున కాఫీ. పిల్లల కారియర్లు, ఆయన టిఫినూ అయ్యాక మీరు తినేసరికి పదకొండు. మధ్యాహ్నం అందరూ తిన్నాక రెండున్నరకి భోజనం. గిన్నె అడుగున మిగిలిన కూర పారేయడానికి మనసొప్పదు, అదీ మీ కంచంలోకే! తిన్న చేత్తోనే వంగి ఇల్లు తుడవడం, లేదా చాపేసుకుని ఒక కునుకు. రాత్రి మళ్ళీ ఆయన వచ్చేదాకా ఆగి, పదింటికి ఆకలి చచ్చాక నాలుగు ముద్దలు ఎక్కువే తిని, అరగంటలో పడక. కాపలా కండరాన్ని అలగగొట్టడానికి ఇంతకంటే వేరే ఏం చేయాలి చెప్పండి?

అందుకే మందుల కంటే ముందు మార్చుకోవలసింది భోజనం వేళ. రాత్రి తిన్నాక పడుకోవడానికి రెండు మూడు గంటలైనా ఎడం ఉండాలి. ఎనిమిదింటికి తినేయండి. ఆయన పదింటికి వస్తే వడ్డించి పక్కన కూర్చుని కబుర్లు చెప్పండి, ఎవరు కాదన్నారు! 'మగవాళ్ళు తినకుండా ఆడవాళ్ళు తినడమేమిటి' అనే పెద్దవాళ్ళున్న ఇళ్ళల్లో ఇది అంత తేలిక కాదని నాకూ తెలుసు. డాక్టరు గారు చెప్పారని చెప్పండి, ఆ మాటకి విలువ ఎక్కువ. మిగిలిన కూర ఫ్రిజ్‌లో పెట్టండి, మీ కడుపులో కాదు. వంగి చేసే పనులన్నీ భోజనానికి ముందే ముగించండి. ఇంకో చిన్న సంగతి: లంగా బొందు నడుం మీద గాడి పడేలా బిగిస్తున్నారా? ఆ ఒత్తిడి కూడా కడుపులోది పైకి నెడుతుంది. కాస్త వదులు చేయండి.

ఇక కారం సంగతి. ఆవకాయ, గోంగూర, పులిహోర మానేయమని చెప్పడం తేలికే. మానేదెవరు? ఏది ఎవరికి పడదో మనిషికీ మనిషికీ తేడా. ఒకరికి టమాటా చారు తాగితే చాలు, మంట. ఇంకొకరు పచ్చిమిర్చి బజ్జీలు తిని హాయిగా తిరుగుతారు. కాఫీ, చాక్లెట్, పుదీనా, పచ్చి ఉల్లిపాయ, వేపుళ్ళు చాలామందికి పడవు. అన్నీ ఒకేసారి మానకుండా, మీకు పడనిది కనిపెట్టి దాన్ని పగటి పూటకి మార్చి, తక్కువగా తినండి.

రాత్రికి మాత్రం తేలికపాటి వంట మేలు. ఉదాహరణకి బీరకాయ పెసరపప్పు. పావుకప్పు పెసరపప్పు దోరగా వేయించి కడిగి, లేత బీరకాయ ముక్కలు, చిటికెడు పసుపు, చిన్న అల్లంముక్క వేసి మెత్తగా ఉడికించండి. ఉప్పు వేసి, చెంచాడు నేతిలో జీలకర్ర, కరివేపాకు పోపు పెట్టండి. చింతపండు, పచ్చిమిర్చి, టమాటా వద్దు. కారం లేనిదే ముద్ద దిగదంటే ఒక్క ఎండుమిర్చి పోపులో వేయించి, తినేటప్పుడు తీసి పక్కన పెట్టండి. బీరకాయకి బదులు సొరకాయ, పొట్లకాయ కూడా బాగుంటాయి.

మంట రాగానే పాలు తాగేవాళ్ళున్నారు. తాగిన కాసేపు చల్లగానే ఉంటుంది, ఆ తర్వాత పాలే ఆమ్లాన్ని మళ్ళీ ఊరేలా చేస్తాయి. వంటసోడా నీళ్ళలో కలుపుకుని తాగడం అలవాటు చేసుకోకండి. అందులో సోడియం ఎక్కువ, బి.పి. ఉన్నవాళ్ళకి మంచిది కాదు.

పడుకునేటప్పుడు ఎడమవైపు తిరిగి పడుకుంటే ఆమ్లం పైకి ఎక్కడం తగ్గుతుంది. తల కింద రెండు దిళ్ళు వేసుకుంటే సరిపోతుందనుకుంటారు గానీ, అలా చేస్తే నడుం దగ్గర మడతపడి కడుపు మీద ఒత్తిడి పెరుగుతుంది. మంచం తలవైపు కోళ్ళ కింద ఆరు నుంచి ఎనిమిది అంగుళాల చెక్కదిమ్మలు పెట్టించండి. ఇటుకలైతే కదిలిపోతాయి, పిల్లలున్న ఇంట్లో అసలే వద్దు.

గర్భవతులకి ఈ మంట మామూలే. ఆ రోజుల్లో పెరిగే ప్రొజెస్టరాన్ హార్మోను ఆ కండరాన్ని వదులు చేస్తుంది, నెలలు నిండేకొద్దీ గర్భసంచి కడుపుని పైకి నొక్కుతుంది. కాన్పయ్యాక చాలామందికి దానంతటదే పోతుంది. ఈలోగా కొద్దికొద్దిగా ఎక్కువసార్లు తినండి. ఏ మాత్రైనా డాక్టరుని అడిగే వేసుకోండి.

మాత్రలంటే గుర్తొచ్చింది. ఒకప్పుడు ప్రతి ఇంటి అలమరలోనూ ఉండే రానిటిడిన్‌ని, అందులో క్యాన్సర్ కలిగించవచ్చనే మలినం కనబడటంతో 2020లో అమెరికా మార్కెట్ నుంచి తీసేయించారు. 2022లో మన దేశపు అత్యవసర మందుల జాబితాలోంచీ తొలగించారు. పాత స్ట్రిప్ ఉంది కదా అని వేసుకోకండి. ఒమెప్రజోల్, పాంటాప్రజోల్ లాంటివి బాగా పనిచేస్తాయి, కానీ టిఫిన్‌కి అరగంట ముందు పరగడుపున వేసుకోవాలి. తిన్నాక కాఫీతో వేసుకుని 'ఈ మందు నాకు పనిచేయట్లేదు' అనేవాళ్ళని చాలామందిని చూశాను. ఏళ్ళ తరబడి సొంతంగా వాడేస్తే బి12, మెగ్నీషియం తగ్గవచ్చు, ఎముకలు పెళుసెక్కవచ్చు. మోకాళ్ళ నొప్పుల మాత్రలూ కడుపుని రేపుతాయి, అవి వాడుతుంటే డాక్టరుకి చెప్పండి.

ఒక్క విషయం మాత్రం తేలిగ్గా తీసుకోకండి. గుండెపోటూ, ఈ మంటా ఒక్కోసారి ఒకేలా ఉంటాయి. ఛాతీ మీద బరువు పెట్టినట్టుండి, నొప్పి దవడకో, ఎడమ చేతికో, వీపుకో పాకినా, చల్లటి చెమటలు పోసినా, ఆయాసం వచ్చినా గ్యాస్ మాత్ర వేసుకుని కూర్చోకూడదు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఆడవాళ్ళలో ఛాతీ నొప్పి అంతగా లేకుండా వికారం, విపరీతమైన నీరసం, ఆయాసంతోనే గుండెపోటు రావచ్చు. షుగర్, బి.పి. ఉన్నవాళ్ళు మరీ జాగ్రత్త. వచ్చింది గుండెపోటు కాదని తేలితే మంచిదే, ఆస్పత్రికి వెళ్ళినందుకు సిగ్గుపడక్కర్లేదు. 'అర్ధరాత్రి వాళ్ళనెందుకు లేపడం' అని తెల్లవారేదాకా ఓర్చుకునే తల్లులు మన ఇళ్ళల్లోనే ఉన్నారు.

ముద్ద గొంతు దిగకుండా ఆగుతున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, రక్తపు వాంతి అయినా, విరేచనం తారులా నల్లగా వచ్చినా అదే రోజు డాక్టరుని కలవండి. వారానికి రెండు మూడుసార్లు మంట వస్తున్నా, తెల్లవారుజామున పొడిదగ్గు, గొంతు బొంగురు వదలకపోయినా చూపించుకోవలసిందే. ఎండోస్కోపీ అనగానే భయపడతారు గానీ, అది కొద్ది నిమిషాల పని.

వెళ్ళేముందు ఒక రెండు వారాలు, గోడ మీది క్యాలెండర్‌లో పాల లెక్క పక్కనే రాయండి: ఆ పూట ఏం తిన్నారు, ఎన్నింటికి తిన్నారు, ఎన్నింటికి పడుకున్నారు, మంట వచ్చిందా. ఆ కాగితం చించి డాక్టరు గారికి చూపించండి.