చమురు ఉంటే చాలునా?

చిత్తూరుకు సమీపంలోని నరసింగరాయనిపేటలో 1782 డిసెంబరు 7న మైసూరు పాలకుడు హైదర్ అలీ కన్నుమూశారు. ఈస్టిండియా కంపెనీతో యుద్ధం సాగుతుండగానే, సైనిక శిబిరంలో, రాచకురుపు ఆయన ప్రాణం తీసింది. అంతకు రెండేళ్ల ముందే, 1780లో, కాంచీపురం దగ్గరి పొల్లిలూరులో ఆయన సేనలు, కుమారుడు టిపూ సేనలు కలిసి కంపెనీ పటాలాన్ని చిత్తుగా ఓడించాయి. ఇనుప గొట్టాల్లో మందు దట్టించి వదిలే మైసూరు తారాజువ్వలంటే తెల్లదొరలకు హడల్. అంత దూరం పోయే తారాజువ్వలు అప్పటికి ఐరోపావారి దగ్గర లేవు.

మరి చివరకు గెలిచిందెవరు? 1799లో శ్రీరంగపట్నం పడిపోయింది. టిపూ సుల్తాన్ షహీదయ్యారు. అక్కడ దొరికిన తారాజువ్వల్లో కొన్నింటిని లండన్ సమీపంలోని వూల్విచ్ ఆయుధాగారానికి పంపారు. విలియం కాంగ్రీవ్ అనే ఆయన వాటిని చూసి, మెరుగుపరచి, పెద్ద ఎత్తున తయారు చేయించాడు. 1807లో కోపెన్‌హేగన్ నగరం మీద కురిసినవి ఆ కొత్త తారాజువ్వలే. హునర్ మనది, ఫలం వారిది! కంపెనీ వెనుక లండన్‌లోని వాటాదారుల సొమ్ము ఉంది. ఒక సేనాని చనిపోతే మరొకడు వచ్చేవాడు. మైసూరులో నేర్పు, ధనం రెండూ ఒక్క రాజవంశాన్నే నమ్ముకుని నిలిచాయి. ఆ వంశంతోనే కూలిపోయాయి.

లోకంలో అధికారానికి మూడు ఆధారాలున్నాయి. ఒకటి ఇంధనం, రెండవది సాంకేతిక విజ్ఞానం, మూడవది పెట్టుబడి. ఉర్దూలో చెప్పాలంటే ఈంధన్, హునర్, సర్మాయా. మూడూ ఒకచోట చేరితేనే బలం. ఒకటి మాత్రమే ఉన్నవాడు మిగతా రెండూ ఉన్నవాడి వాకిట నిలబడక తప్పదు. ఇది రాజులకు, మంత్రులకు సంబంధించిన విషయమని మన పాఠకులు అనుకోరాదు. పీలేరు, వాయల్పాడు, మదనపల్లె ప్రాంతాల్లో గల్ఫ్ సంపాదనతో లేచిన ఇళ్లు వీధివీధినా కనిపిస్తాయి. ఆ ఇళ్ల పొయ్యి వెలగడం కూడా ఈ మూడింటి లెక్క మీదే ఆధారపడి ఉంది.

ముత్యాల నుంచి చమురు దాకా

చమురు పడక ముందు కువైట్ ప్రజల జీవనాధారం సముద్రం. ఊపిరి బిగబట్టి అడుగుకు దిగి ముత్యాలు ఏరేవారు. బస్రా ముత్యాల పేరుతో అవి మన హైదరాబాదు దాకా వచ్చేవి. జపాన్‌వారు ముత్యపు చిప్పలను పెంచి, ముత్యాలు పండించే విద్య కనిపెట్టారు. ఆ ముత్యాలు 1930 ప్రాంతంలో బజారును ముంచెత్తడంతో గల్ఫ్ గజ ఈతగాళ్ల బతుకులు కూలిపోయాయి. ఎక్కడో జపాన్‌లో ఒకరు నేర్చిన విద్య ఇక్కడ వేలాది కుటుంబాల నోటి కూడు లాగేసింది. 1938లో బుర్గాన్‌లో చమురు పడింది. అది అల్లాహ్ చూపిన మరో దారి. అయితే దానిని తవ్విన కంపెనీ మాత్రం ఆంగ్లేయులది, అమెరికన్లది.

ఇరాన్ కథ మరింత ఆలోచించదగినది. 1908లో మస్జిదె సులేమాన్ అనే చోట చమురు పైకి చిమ్మింది. ఒప్పందం ప్రకారం ఇరాన్‌కు దక్కేది నికర లాభంలో నూటికి 16 వంతులే. 1914లో బ్రిటిష్ ప్రభుత్వం ఆ కంపెనీలో సగానికి పైగా వాటా కొని, తన యుద్ధనౌకలకు చమురు సమకూర్చుకుంది. 1951లో ప్రధాని ముసద్దిఖ్ చమురును జాతీయం చేశారు. న్యాయం ఆయన పక్షాన ఉంది, చమురూ ఉంది. కానీ ఆబాదాన్ శుద్ధి కర్మాగారాన్ని నడిపే నిపుణులు వెళ్లిపోయారు. చమురు మోసే ఓడలు ఇతరులవి, కొనే బజారు ఇతరులది. చమురు అమ్ముడుపోక ఖజానా ఖాళీ అయింది. 1953లో అమెరికా, బ్రిటన్ గూఢచారి సంస్థల కుట్రతో ఆయన ప్రభుత్వం కూలింది.

సౌదీ అరేబియా నిదానంగా నడిచింది. 1963లో ధహ్రాన్‌లో చమురు, ఖనిజాల విద్య నేర్పే కళాశాల పెట్టింది. సొంత ఇంజనీర్లను తయారు చేసుకుంటూ, వాటాలు కొనుక్కుంటూ, 1980 నాటికి అరామ్‌కోను పూర్తిగా తనది చేసుకుంది. ముసద్దిఖ్ కోరుకున్నదే సౌదీకి కలహం లేకుండా దక్కింది.

కువైట్ నేర్పిన పాఠం

1973 అక్టోబరు యుద్ధంలో అరబ్బు దేశాలు చమురు ఆపాయి. పీపా ధర సుమారు 3 డాలర్ల నుంచి కొద్ది నెలల్లో 12 డాలర్లకు చేరువైంది. ఎడారుల్లో నగరాలు లేచాయి, మన పిల్లలకు పాస్‌పోర్టులు వచ్చాయి. ఆ రోజుల్లోనే చమురుకు బదులేమిటా అని పాశ్చాత్యులు ప్రయోగశాలల్లో కూర్చున్నారు. ఎక్సాన్ అనే చమురు కంపెనీయే స్టాన్లీ విటింగ్‌హామ్ అనే శాస్త్రవేత్త చేత లిథియం బ్యాటరీ పరిశోధన చేయించింది. గుడ్‌ఇనఫ్, జపాన్ శాస్త్రజ్ఞుడు యొషినో దానిని ముందుకు తీసుకుపోయారు. 1991లో ఆ బ్యాటరీ బజారుకు వచ్చింది. 2019లో ఆ ముగ్గురికీ నోబెల్ బహుమతి లభించింది. నేడు మన జేబులోని ఫోనూ, రోడ్డు మీది కరెంటు బండీ ఆ బ్యాటరీతోనే నడుస్తున్నాయి. చమురు ఆపినవారి కంటే ఆ దెబ్బ తిని చదువుకు కూర్చున్నవారే ఎక్కువ దూరం పోయారన్నది గమనార్హం.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించింది. లక్షా 70 వేలకు పైగా భారతీయులను మన విమానాలు తరలించాయి. కట్టుబట్టలతో తిరిగివచ్చిన వారిలో రాయలసీమ వారూ ఉన్నారు. వెళ్లిపోతూ ఇరాకీ సేనలు 600కు పైగా చమురు బావులకు నిప్పుపెట్టాయి. నేల పోయింది, బావులు తగలబడ్డాయి. అయినా కువైట్ ప్రభుత్వం పరాయి దేశంలో ఉండి తన ప్రజలను ఎలా పోషించింది? 1953 నుంచే అది లండన్‌లో పెట్టుబడులు పెట్టడం మొదలుపెట్టింది. 1976లో చట్టం చేసి, దేశ ఆదాయంలో నూటికి 10 వంతులు రాబోయే తరాల కోసం పక్కకు తీయసాగింది. చమురు చేజారిన రోజున ఆ సర్మాయాయే ఆదుకుంది.

మన గడపలో

ఇప్పుడు మన జిల్లా వైపు చూద్దాం. తిరుపతి సమీపంలోని కరకంబాడిలో అమర రాజా బ్యాటరీల కర్మాగారం 1985లో పుట్టింది. దానిని స్థాపించిన గల్లా రామచంద్ర నాయుడు మన జిల్లా పల్లెటూరి బిడ్డ. అమెరికాలో ఇంజనీరుగా పనిచేసి తిరిగివచ్చారు. 1997లో అమెరికా కంపెనీ జాన్సన్ కంట్రోల్స్‌తో చేయి కలిపి, పెట్టుబడినీ సాంకేతిక విజ్ఞానాన్నీ ఈ నేలకు రప్పించారు. ఆ పొత్తు 2019లో ముగిసినా కర్మాగారం ఆగలేదు, పని అప్పటికే చేతికి వచ్చింది. సత్యవేడు దగ్గరి శ్రీసిటీలో 2015 నుంచి ఫోన్ల తయారీ మొదలైంది. అయితే లోపలి లిథియం మన నేలది కాదు. ఆస్ట్రేలియా, చిలీ దేశాల్లో తవ్వుతారు. లోకంలోని లిథియంలో సగానికి పైగా శుద్ధి అయ్యేది చైనాలో. నిన్న చమురుతో పెత్తనం చేసినట్టే రేపు దీనితో చేస్తారు.

పదవ తరగతి ముగిసిన పిల్లవాడిని వెంటబెట్టుకుని వచ్చి, "హజ్రత్, పాస్‌పోర్టుకు వేయమంటారా?" అని అడిగే తండ్రులను ఏటా చూస్తుంటాము. హలాల్ సంపాదనకు దూరదేశం పోవడంలో తప్పేమీ లేదు. అయితే ఏ పనీ రాకుండా పోయినవాడు డ్రైవరుగానో ఇంటి నౌకరుగానో పోయి, ఇరవై ఏళ్ల తర్వాత అలాగే తిరిగివస్తున్నాడు. పాలిటెక్నిక్‌లోనో ఐటీఐలోనో రెండు మూడేళ్లు చదివి పోయినవాడి జీతం వేరు, తిరిగివచ్చాక అతని బతుకు వేరు. ఆడపిల్లలకూ ఇదే వర్తిస్తుంది.

ఇక సర్మాయా. ఇల్లు, బంగారం, పెళ్లి విందు, వీటి మీదే గల్ఫ్ సొమ్ము కరిగిపోతోంది. కువైట్ చేసినట్టు ప్రతి ఇల్లూ పదవ వంతు పిల్లల చదువుకు, వ్యాపారానికి తీసిపెట్టలేదా? వడ్డీ హరామ్ గనుక పెట్టుబడి మనకు కాదనేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. దైవప్రవక్త (స) నుబువ్వత్‌కు పూర్వం హజ్రత్ ఖదీజా (రజి) గారి సొమ్ముతో షామ్ దేశానికి వ్యాపారానికి వెళ్లారు. ఒకరిది ధనం, మరొకరిది నేర్పూ నిజాయితీ, లాభంలో ఇద్దరికీ పాలు. ఊరికి నలుగురు అలా కలిస్తే ఒక చిన్న కార్ఖానా నిలబడుతుంది.

తొలి వహీ చదువుతో మొదలైంది. ఇనుములో గొప్ప బలమూ ప్రజలకు ప్రయోజనాలూ ఉన్నాయని సూరయె హదీద్ తెలుపుతోంది. ఆ ఇనుమును తారాజువ్వగా మలచినవారు ఒకనాడు మన పక్కనే ఉన్నారు. అల్లాహ్ నేలలో ఏం దాచాడో అది ఆయన ఇష్టం. పిల్లల చేతుల్లో ఏం పెడతామన్నది మాత్రం మనం జవాబు చెప్పుకోవలసిన విషయం. ఆయన మనకు సరైన తౌఫీఖ్ ప్రసాదించుగాక, ఆమీన్.