మీకు తెలుసా? మామిడి లక్షకు పాత నాణేలు

తిరువూరు, నూజివీడు వైపు మామిడి తోటల వాళ్లకు ఏడాదంతా ఒక ఎత్తు, కాపు దిగే ఆ రెండు నెలలూ ఒక ఎత్తు. పూత నిలిచి, గాలిదుమారం తప్పి, పైగా రేటు కూడా పలికితే అప్పులు పోను చేతిలో ఓ లక్ష మిగలొచ్చు. అది ఎప్పుడో గాని జరగదు. ఆ లక్షను బంగారం కొట్లో కాకుండా పాత నాణేల మీద పెడదామన్న పిచ్చి ఎవరికైనా ఉంటే, ఈ వారం కబుర్లు వాళ్లకే.

రెండు వేల ఏళ్ల నాటి నాణెం అనగానే లక్షల మాటే అనుకుంటాం. కానీ శాతవాహనుల సీసం నాణేల్లో, పోటిన్ అనే మిశ్రలోహపు నాణేల్లో చాలా రకాలు కొన్ని వందల రూపాయలకే దొరుకుతాయని తెలుసా? ఆ రోజుల్లో విరివిగా వేశారు, మట్టిలోంచి కుప్పలుగా బయటపడ్డాయి. అదే వంశంలో గౌతమీపుత్ర శాతకర్ణి, వాసిష్ఠీపుత్ర పులుమావి, యజ్ఞశ్రీ తమ ముఖాలతో వేయించిన వెండి నాణేల సంగతి వేరు. వాటిలో బాగా నిలిచినదానికి మన లక్ష చాలకపోవచ్చు. ఎన్ని మిగిలాయి, ఎంత చెక్కుచెదరకుండా మిగిలాయి, ఎంతమంది కావాలంటున్నారు అన్నదాన్ని బట్టి వెల పలుకుతుంది. వయసును ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

అరుదంటే ఎలా ఉంటుందో చెప్పడానికి 1911 నాటి ఐదో జార్జి రూపాయి చాలు. రాజుగారి అంగీ మీద చెక్కిన బుల్లి ఏనుగు తొండం పొట్టిగా పడి, అచ్చం పందిలా కనబడింది. జనం గొడవ చేశారు. అప్పటికే 94 లక్షల దాకా ముద్రించినా 7 లక్షలే బయటికి వెళ్లాయి, మిగతావి కరిగించేశారు. 1912 నుంచి ఏనుగును సరిచేసి వేశారు. సేకర్తలు ‘పంది రూపాయి’ అని నేటికీ వెతికేది ఆ తప్పునే.

నిజాం వెండి రూపాయి మీది చార్మినార్ వాకిట్లో ఒక ఉర్దూ అక్షరం ఉంటుంది, ఎప్పుడైనా చూశారా? మహబూబ్ అలీ ఖాన్ కాలానిదైతే ‘మీమ్’, ఉస్మాన్ అలీ ఖాన్ కాలానిదైతే ‘ఐన్’. ఉస్మాన్ ఏలుబడి మొదట్లో వేసిన వాటిలో ఆ ఐన్ పొట్టిగా ఉంటుంది, తర్వాత నిండుగా వచ్చింది. ఈ చిన్న తేడా తెలిసినవాడికీ తెలియనివాడికీ ఒకే నాణెం రెండు ధరలకు దొరుకుతుంది. అందుకే నా మటుకు నేనైతే లక్షలో మొదటి రెండు మూడు వేలు పుస్తకాలకు, ఒక భూతద్దానికి, గ్రాములో నూరో వంతు చూపే చిన్న త్రాసుకు పెట్టమంటాను. బ్రిటిష్ వెండి రూపాయి తూకం 11.66 గ్రాములు, అంటే తులం. నకిలీలు ఎక్కువగా తిరిగే 1939 రూపాయి లాంటివి కొనేముందు త్రాసు మీద పెట్టకుండా డబ్బు తీయొద్దు. తూకం సరిపోయినంత మాత్రాన అసలుదని కాదు గాని, సరిపోకపోతే అక్కడే లేచి రావచ్చు.

తిరువూరు ఉన్నది ఎన్టీఆర్ జిల్లాలో కాబట్టి ఆ పేరుతో వచ్చిన నాణెం సంగతీ చెప్పాలి. శతజయంతి సందర్భంగా 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము విడుదల చేసిన వంద రూపాయల నాణెం బరువు 35 గ్రాములు, అందులో సగమే వెండి. ముద్రించింది హైదరాబాద్ మింట్‌లో. అమ్మింది మాత్రం వందకు కాదు, వేలల్లో. అభిమానంతో కొనుక్కోండి, తప్పేం లేదు. కానీ రేపు పదింతలవుతుందని మామిడి డబ్బంతా అందులో పోయొద్దు. కొన్న ప్రతివాళ్లూ పెట్టెలో భద్రంగా దాచుకునే వస్తువు అరుదెలా అవుతుంది?

‘వైష్ణోదేవి నాణెం ఉంటే లక్షలిస్తాం’ అంటూ ఫోన్లో వచ్చే ప్రకటనలు చూసే ఉంటారు. రిజర్వ్ బ్యాంకు పేరు చెప్పి రుసుములూ పన్నులూ అడుగుతున్నారని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించింది. పాత నాణేల అమ్మకాలతో తనకు ఏ సంబంధమూ లేదని తేల్చి చెప్పింది.

కొన్నాక చింతపండు పెట్టి తోమకండి. ఇంట్లో ఇత్తడి చెంబుకు మెరుపు వచ్చినట్టే నాణేనికీ వస్తుంది, ధర మాత్రం పడిపోతుంది. సీసం నాణేలను చెక్క బీరువాలో దాచినా చేటే. కొన్ని రకాల చెక్కలోంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి సీసం తెల్లగా పొడిబారుతుంది. ఇక నూరేళ్లు దాటిన నాణేలను అమెరికాలో ఉన్న అబ్బాయికి పార్సిల్ చేద్దామనుకుంటే 1972 పురావస్తువుల చట్టం ఒప్పుకోదు. దాని లెక్కలో అవి పురావస్తువులు, ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు.

అసలు కలిసిరావడమే నేలలోంచి జరిగితే? తోటలో పాదు తీస్తుంటే బిళ్ళల కుండ తగిలిందనుకోండి. నిధుల చట్టం 1878 నాటిది, ఇప్పటికీ అమల్లో ఉంది. దొరికినదాని విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలి, దాస్తే ఏడాది దాకా జైలు. ఎవరిదీ కాదని తేలితే, వేరే ఒప్పందం లేనప్పుడు ముప్పావు వంతు దొరికించుకున్నవాడిది, పావు వంతు నేల యజమానిది. ప్రభుత్వమే తీసుకోదలిస్తే లోహం విలువకు ఐదో వంతు కలిపి చెల్లిస్తుంది. అంటే తోట గుత్తకు చేసే రైతు తవ్వితే అతనికి యజమాని కన్నా మూడింతల వాటా వస్తుంది. గుత్త కాగితంలో ఈ సంగతి రాసుకునేవాళ్లను మాత్రం నేనింకా చూడలేదు.